ముద్రల ఓడలో తల్లి కుర్చీ

కుర్చీలో 405వ రోజు

ఈ పుస్తకం సొంత చేత్తో రాయాలని రూలు. రాసినదాన్ని ఎవరూ దిద్దకూడదని ఇంకో రూలు. నేను దిగిపోయాక నా కుర్చీలోకి వచ్చే అమ్మ దీన్ని చదువుకుంటుందట. ఈ కుర్చీకి నాలాంటి ఐదో తరగతి వాళ్లనే తీసుకుంటారు. బాగా చదువుకున్న అమ్మలు తమకేం అనిపించిందో రాయరట, ఏం అనిపించాలో అది రాస్తారట. ఆ మాట మా బల్ల పెద్ద పరాంకుశం గారు అన్నారు. ఆయన రెండు ఎమ్మేలు చేశారు.

పొద్దున ఏడింటికి గిలకలదిండి రేవులో లాంచీ ఎక్కుతాం. బందరు ఒడ్డు కనపడకుండా పోయాక ఓడ కనపడుతుంది. అందులో పదకొండు దేశాల వాళ్లు పదకొండు గదులు తీసుకుని కూర్చున్నారు. ఏ ఆటైనా పిల్లల చేతికి పోవాలంటే ముందు ఇక్కడ ముద్ర పడాలి. ఏడు, పన్నెండు, పదహారు, పద్దెనిమిది. పిల్లలు బొటనవేలు ఆనిస్తే ఆట వాళ్ల వయసు చూసుకుని తలుపు తెరుస్తుంది. వయసు చాలకపోతే మూసుకుంటుంది.

ఈ పనేదో ఒడ్డు మీదే చెయ్యొచ్చుగా అని చేరిన కొత్తలో అడిగాను. కుదరదట. ముద్ర పడని ఆటను చూడడం ప్రతి దేశంలోనూ నేరమే. ముద్ర వెయ్యాలంటే చూడాలి. అందుకని ఎవరి చట్టమూ చెల్లని నడిసముద్రంలో కూర్చుని చూస్తారు. పెద్దవాళ్ల తెలివి అలా ఉంటుంది.

దేశాల పేర్లు మాకు నోరు తిరగవు. లాంచీలో మేం పెట్టుకున్న పేర్లే వాడతాం. పచ్చగదిలో నెత్తురు ఎర్రగా ఉండకూడదు. కత్తి దిగితే బచ్చలాకు పసరు కారుతుంది. ఎముకల గదిలో ఎముక కనపడకూడదు. వెయ్యేళ్ల కిందట చచ్చిన రాజు సమాధి పగలగొట్టుకుని లేస్తే పెళ్లికొడుకులా నిగనిగలాడుతూ వస్తాడు. మందుగదిలో మాత్ర మింగితే బలం రాకూడదు, పిల్లలు పాడైపోతారని. అక్కడ తూటా తగిలిన సైనికుడు రాగిజావ తాగి లేచి పరుగెత్తుతాడు. ఇక మన గది. మన గదిలో తల నరికినా పర్వాలేదు, పదహారు ముద్ర వేసి పంపిస్తారు. ఎవరైనా ముద్దు పెట్టుకోబోతే మాత్రం పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెడతారు. అది అయిపోయిందని మేం చెప్పిందాకా తుడుస్తూనే ఉంటారు.

ప్రతి బల్ల దగ్గరా ఒక తల్లి కుర్చీ ఉంటుంది. పద్దెనిమిది లోపు పిల్ల ఉన్న తల్లి అందులో కూర్చోవాలి. పిల్ల ఏ వయసులో ఉంటే ఆ బల్ల. ఆటను చివరిదాకా ఆడి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి. ‘మీ పిల్లకు ఇస్తారా?’ అంతే. ఇస్తానంటే ముద్ర పడుతుంది. ఇవ్వనంటే కత్తిరిస్తారు. దూరదేశాల అమ్మలు రోజూ రాలేరు గనుక వాళ్ల గదుల్లో కూడా మా ఊరి అమ్మలనే కూర్చోబెట్టారు. అలా ఎక్కడెక్కడి పిల్లలు ఏం చూడాలో బందరు అమ్మలం చెప్తున్నాం. నాది మన గదిలో ఏడు బల్ల. ఏడు నిండి పన్నెండు నిండని పిల్లల కోసం.

ఓడ ఎక్కేచోట తలుపు మనిషిలా పలకరిస్తుంది. “నాంచారమ్మ గారూ, హైమ బాగుందా?” అంది.

“బాగుంది” అన్నాను. రోజూ అదే అంటాను.

హైమ పోయి ఎనిమిది నెలలు దాటింది.

పిల్లకు ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి, దినాలు అయ్యాక పనిలోకి వచ్చాను. నేను తిరిగి రావడంతో పిల్లకు తగ్గిందనుకున్నారు ఓడవాళ్లు. తలుపు అడిగింది. నోరు అలవాటుగా బాగుందనేసింది. తలుపు పక్కన తెరమీద పడింది, ‘హైమ, పదకొండేళ్ల మూడు నెలలు’ అని. దిద్దించాలనే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ నెల తిరిగింది. తెరమీద పదకొండేళ్ల నాలుగు నెలలయింది. ఇంట్లో గోడమీద ఎత్తు గీతలు ఆగిపోయాయి. ఇక్కడ నా పిల్ల పెరుగుతోంది. ఎలా దిద్దించమంటావమ్మా?

లాంచీలో వచ్చే అమ్మలందరికీ తెలుసు. వాళ్లలో ఒక్కరూ ఓడలో చెప్పలేదు.

కుర్చీలో 407వ రోజు

కొత్త ఆట వచ్చింది. పేరు ‘నూరి ఇల్లు’. ఏదో ద్వీపంలో ఒక అమ్మాయి చేసిందట. కత్తుల్లేవు, కార్లు లేవు. నూరి అని తొమ్మిదేళ్ల పిల్లకు జబ్బు. ఆడేవాళ్లం ఆ పిల్లకు అక్క. నీళ్లివ్వాలి, తల దువ్వాలి, వీపు మీద ఎక్కించుకుని సముద్రం చూపించుకు రావాలి. నూరి ఊరికే ఉండదు. “అక్కా, నువ్వు మెల్లిగా నడుస్తున్నావు, నత్త నన్ను మోసుకెళ్లినా ఈపాటికి వెళ్లేదాన్ని” అంటుంది. ఎంత బాగా చూసుకున్నా చివరికి నూరి పోతుంది. ఆట అక్కడ అయిపోదు. ఇంకా పది రోజులు ఉంటుంది. కంచం కడగాలి, పక్క ఎత్తాలి, వచ్చినవాళ్లకు జవాబు చెప్పాలి.

ఆట చేసిన అమ్మాయి ఉత్తరం కూడా పెట్టింది. పరాంకుశం గారు చదివి వినిపించారు. ‘మా చెల్లెలు పోయినప్పుడు నాకు పదేళ్లు. నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఈ ఆట పదేళ్ల పిల్లలు ఆడుకోవాలి.’

“పిల్లల ఆటలో పిల్ల చచ్చిపోవడమేంటమ్మా?” అన్నారాయన. “అలాగే ఉంచితే పద్దెనిమిది వెయ్యాలి. ఆ ప్రశ్న ఉన్న చోటు తీసేసి, ఆఖర్న పిల్ల లేచి కూర్చుందనుకోండి, ఏడు ఇచ్చేద్దాం. లేచి కూర్చుంటే ఎవరి సొమ్మేం పోయింది?”

ప్రశ్న ఉన్న చోటు అంటే ఏంటో చెప్పాలి. ఒకరోజు నూరి అడుగుతుంది, “అక్కా, నేను చచ్చిపోతానా?” అని. కింద మూడు జవాబులు వస్తాయి. మనం ఒకటి నొక్కాలి.

సోమవారం లోపల నా మాట చెప్పమన్నారు.

కుర్చీలో 408వ రోజు

లాంచీలో మస్తాన్‌బీ అక్క నా పక్కన కూర్చుంది. అక్కది పచ్చగదిలో ఏడు బల్ల. అక్క చిన్నకూతురికి ఎనిమిదేళ్లు.

“మా గదిలో గోల చూడాలే నాంచారీ” అంది. “నూరి దగ్గితే కాస్త నెత్తురు పడుద్దిగా. దాన్ని పచ్చగా చెయ్యమన్నారు.”

“పచ్చగా దగ్గితే ఏమనుకుంటారక్కా పిల్లలు?”

“తోటకూర సరిగ్గా నమల్లేదనుకుంటారు.”

ముందు బెంచీలో ఎముకల గది అమ్మ వెనక్కి తిరిగింది. అక్కడ నూరి గూడ ఎముకలు కనపడుతున్నాయని ఒళ్లు చెయ్యమన్నారట. మందుగదిలో చెంచాతో మందు పోసే చోటంతా ఎత్తెయ్యమన్నారట.

మస్తానక్క వేళ్లు మడిచింది. “అంటే బొద్దుగా ఉన్న పిల్ల, పచ్చగా దగ్గుద్ది, మందు తాగదు. మీ పరాంకుశం గారి దయవల్ల ఆఖర్న లేచి కూర్చుంటది. దానికి వచ్చిన రోగమేందే తల్లీ?”

లాంచీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. హైమ పోయాక ఇంత గట్టిగా నవ్వడం ఇదే మొదటిసారి. నవ్వాక చుట్టూ చూశాను, ఎవరన్నా ఏమన్నా అనుకున్నారేమోనని. మస్తానక్క కొంగుతో నా మొహం తుడిచి, “సముద్రం నీళ్లు పడ్డయ్” అంది.

సెలవు రోజు, ఆదివారం

ఓడ నుంచి కార్డు వచ్చింది. మా ఆయన తీశాడు. ఆయన రేవులో లాంచీ మోటార్లు బాగుచేస్తాడు. ఆదివారం కూడా బొటనవేలు నల్లగానే ఉంటుంది. కార్డు మీద ఆ వేలి ముద్ర పడింది.

‘హైమకు బుధవారం నాటికి పన్నెండు నిండుతాయి. శుభాకాంక్షలు. ఇక పన్నెండు ముద్ర ఆటలన్నీ హైమకు తెరుచుకుంటాయి. నాంచారమ్మ గారు ఆ రోజు నుంచి పన్నెండు బల్లకు మారగలరు.’

ఆయన రెండుసార్లు చదివాడు. “ఏందే ఇది?”

చెప్పాను. తలుపు అడగడం, నేను బాగుందనడం, తెరమీద నెలలు పెరగడం, మొత్తం. తిడతాడనుకున్నాను. ఆయన గడపలో కూర్చుని కార్డును మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు చదును చేశాడు.

“నాతో కూడా చెప్పకపోయావా?” అన్నాడు. “సాయంత్రం నువ్వు రాగానే నేనూ అడిగేవాణ్ణిగా, ఇయ్యాల్టికి ఎంతైందీ అని.”

నాకు ఒక్కదాన్నే దాచుకుని తిన్నట్టయింది.

ఆయనే మళ్లీ అన్నాడు, “పదహారు బల్లకు కూడా పోతావా?”

“పోతానేమో.”

“పద్దెనిమిది నిండితే?”

“కుర్చీ దిగిపోమంటారు.”

“అప్పుడు మళ్లీ పోద్దిగా పిల్ల” అన్నాడు. “ఒకసారి చాలదా నీకు?”

కోపంగా అనలేదు. మోటారు ఎందుకు ఆగిందో చెప్పేటప్పుడు ఎలా చెప్తాడో అలా అన్నాడు.

నా పని చూసి హైమ ఇంట్లో అన్నిటికీ ముద్రలు వేసేది. వానకు ఏడు. కాకరకాయ కూరకు పదహారు. వాళ్ల నాన్న గురకకు పద్దెనిమిది. పక్కింటి ఆవిడ తిట్లకైతే ‘ఏ దేశంలోనూ అనుమతి లేదు’ అని వేసింది. ఆ సంగతులు చెప్పుకుంటూ కూర్చున్నాం. అన్నం వండడం మర్చిపోయాను.

కుర్చీలో 409వ రోజు, సోమవారం

బల్ల దగ్గర పరాంకుశం గారు, ఇద్దరు సభ్యులు, నేను. ఆయన కాగితం ముందు పెట్టుకున్నారు. “చెప్పండమ్మా. నూరి ఇల్లు. మీ పిల్లకు ఇస్తారా?”

“మీరు ఆడారా సార్?” అన్నాను.

“నేనెందుకు ఆడతానమ్మా? ఆడడానికి మీరున్నారు. నేను నివేదిక చదువుతాను.”

“ఆ ఒక్క చోటూ ఆడండి సార్. మీరు తీసెయ్యమన్న చోటు.”

ఇరవయ్యేళ్ల నుంచి ఆటలకు ముద్రలు వేస్తున్న మనిషి రిమోటును తేలుకొండిని పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకున్నారు. రిమోటులో ఏ బటను దేనికో నేనే చెప్పాను. నూరి పక్కమీద ఇటు తిరిగింది. అడిగింది, “అక్కా, నేను చచ్చిపోతానా?”

మొదటి జవాబు: ఛ, నోర్ముయ్, అలాంటి మాటలు అనకూడదు. రెండోది: పాయసం తింటావా? మూడోది: అవును. నేను ఇక్కడే ఉంటాను.

పరాంకుశం గారు వెంటనే మొదటిది నొక్కారు. నూరి “సరే అక్కా” అని గోడవైపు తిరిగింది. ఆట ఏమీ అనలేదు, మార్కులు తగ్గించలేదు. ఆటలో మర్నాడు వచ్చింది. నూరి నీళ్లు తాగింది, తల దువ్వించుకుంది. మెల్లిగా నడుస్తున్నావని ఏడిపించలేదు. ఆ తర్వాత రోజు కూడా ఏమీ అనలేదు.

“ఇదేంటి, మాట్లాడదేం?” అన్నారాయన.

“ఇక మాట్లాడదు సార్.”

వెనక్కి వెళ్లి రెండోది నొక్కారు. నూరి పాయసం తింది. బాగుందంది. గోడవైపు తిరిగింది.

మూడోది నొక్కబోయి వేలు ఆపేశారు. “మీరేది నొక్కారు?” అని నన్ను అడిగారు.

“ఆటలో మూడోది నొక్కాను సార్. ఇంట్లో మొదటిది నొక్కాను.”

ఆయనకు అర్థం కాలేదు. చెప్పాను. హైమ పోయి ఎనిమిది నెలలు దాటిందని, తలుపుకు రోజూ అబద్ధం చెప్తున్నానని. ఆస్పత్రిలో ఒకరోజు అది కూడా ఇలాగే ఇటు తిరిగి, “అమ్మా, దీనికి ఎన్నేళ్ల ముద్ర?” అని అడిగింది. దేనికే అన్నాను, తెలియనట్టు. “నాకొచ్చినదానికి. నాకింకా వయసు చాల్లేదేమో, వెనక్కి పంపించెయ్యి” అంది. నవ్వుతూనే అంది. ఛ, నోర్ముయ్ అన్నాను. సరే అంది. ఆ తర్వాత నన్నేమీ అడగలేదు. వాళ్ల నాన్ననూ అడగలేదు. పదహారు రోజులు మంచిపిల్లలా ఉంది. అది అంత మంచిపిల్ల కాదు సార్.

ఆటలో ముద్దేమీ లేదు. అయినా పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

తర్వాత రూల్స్ పుస్తకం తీశారు. ఆయనకు ఏదైనా కష్టం వస్తే అదే తీస్తారు. “పిల్ల బతికి ఉండాలనే ఉందమ్మా. కుర్చీ మీది కాదు. ఈ ఎనిమిది నెలల్లో మీ మాట మీద పడిన ముద్రలన్నీ మళ్లీ చూడాలి. యాభై మూడు ఆటలు.”

“చూడండి సార్. వాటిలో ఆ ఎగిరే పందుల ఆటకు ఏడు ఎక్కువే, మూడేళ్లవాళ్లకైనా ఇవ్వొచ్చు.”

ఒక సభ్యుడికి నవ్వొచ్చి దగ్గులోకి మార్చుకున్నాడు.

“దీనికి కూడా మీ మాట చెల్లదు” అన్నారు పరాంకుశం గారు. మెల్లిగానే అన్నారు.

“తెలుసు సార్. చెల్లకపోయినా చెప్తాను. ఇవ్వాల్సింది. ఇచ్చి పక్కన కూర్చోవాల్సింది.”

ఆయన పుస్తకంలో ఇంకా వెతికారు. తల్లి కుర్చీ ఖాళీ అయితే పక్క గది తల్లిని ఒక పూటకు అరువు తెచ్చుకోవచ్చని ఒక రూలు దొరికింది. మస్తానక్కను పిలిపించారు. అక్క మధ్యాహ్నం నుంచి ఆడింది. నన్ను బయట కూర్చోమన్నారు. రూలే మరి. అద్దంలోంచి అక్క వీపు ఒక్కటే కనపడింది. ఒకచోట వీపు కదలకుండా ఉండిపోయింది. ఏ చోటో నాకు తెలుసు.

నాలుగింటికి లోపలికి పిలిచారు. “మీ పిల్లకు ఇస్తారా?” అని అడిగారు.

“ఒక్కదాని చేతికైతే ఇవ్వను సారూ” అంది మస్తానక్క. “నేను పక్కన కూర్చుంటే ఇస్తా. పిల్లల తాత మంచాన పడ్డ కాడ్నించీ నా కూతురు అదే అడగతంది, నేనేమో పాయసం పెడతన్నా. ఇయ్యాల ఇంటికి పోయి మూడోది చెప్తా. ఆట రాకపోయినా చెప్తా.”

ముద్ర పడింది. ఏడు. కోత లేదు. కింద చిన్న అక్షరాలతో ‘పక్కన పెద్దవాళ్లు ఉండాలి’ అని రాశారు. ఆ ముద్ర ఇంతవరకూ లేదు. పరాంకుశం గారు రబ్బరు ముద్ర చేయించేదాకా చేత్తో రాస్తామన్నారు. ఎముకల గదిలో నూరి లావెక్కింది. మందుగదిలో రాగిజావ తాగుతోంది. పచ్చగదిలో పచ్చగా దగ్గుతోంది. అక్కడి పిల్లలు ఏమనుకుంటారో మరి.

దిగేటప్పుడు పరాంకుశం గారు ఓడ మెట్ల దాకా వచ్చి చేతిలో ఒక పొట్లం పెట్టారు. ముద్ర పడిన ఆట మొదటి ప్రతి, దిగిపోయే అమ్మకు ఇవ్వాలని రూలట. నాలుగు వందల రోజుల్లో ఆ రూలు ఎప్పుడూ వినలేదు. ఎన్నో రూలు సార్ అని అడిగితే, “నంబరు ఇంకా వెయ్యలేదమ్మా” అన్నారు.

ఇంట్లో, బుధవారం

రోజు నంబరు లేదు. ఈ పుస్తకం ఇవాళ సాయంత్రం మస్తానక్క చేతికి ఇస్తాను. కొత్త అమ్మా, నీకు ఇది ఆమె అందిస్తుంది. పరాంకుశం గారికి రిమోటు ఎలా పట్టుకోవాలో ఇంకా సరిగా రాలేదు. అడిగితే నేర్పించు.

ఇవాళ మా ఆయన పనికి పోలేదు. పొద్దున్నే ఇద్దరం కూర్చుని ఆడాం. ఆయనకు ఆట రాదు. నూరిని వీపు మీద ఎక్కించుకుని సముద్రానికి పొమ్మంటే మూడుసార్లు బావి వైపు తీసుకెళ్లాడు. నూరి, “అక్కా, నన్ను ముంచడానికి తీసుకెళ్తున్నావా?” అంది. ఆయన నిజంగానే “లేదమ్మా, లేదమ్మా” అన్నాడు తెరతో.

ప్రశ్న వచ్చినప్పుడు నావైపు చూడకుండా మూడోది నొక్కాడు.

ఆటలో ఆ రాత్రంతా నూరి మాట్లాడుతూనే ఉంది. మర్నాడు ఆయన్ని నత్త అంది.

నూరి పోయాక ఆ పది రోజులూ ఆగుతూ ఆడాం. మధ్యలో టీ పెట్టాను. కంచం ఆయన కడిగాడు. పక్క నేను ఎత్తాను. పదో రోజు ఎదురింట్లోకి కొత్తగా దిగిన ఆవిడ వచ్చి తలుపు కొట్టింది. నూరిని ఎరగదు. లోపలికి తొంగిచూసి, “ఈ ఇంట్లో చిన్నపిల్లలున్నారా? పేరేంటి?” అని అడిగింది. కింద ఖాళీ గీత వచ్చింది. మన ఇష్టం వచ్చింది రాసుకోవచ్చు. ఓడలో ఆడినప్పుడు నేను ఇక్కడ దాటేశాను.

“రాయి” అన్నాడు మా ఆయన.

ఆయన ఒక్కో అక్షరం చెప్తుంటే కొట్టాను. హైమ.

“ఎన్నేళ్లు?” అంది ఆవిడ.

నేను పదకొండు కొట్టాను. ఆ అంకెను కాసేపు చూశాం. మారలేదు.

ఆవిడ గడపలో కూర్చుంది. “ఎలా ఉండేది?” అంది. గీత ఈసారి పొడుగ్గా వచ్చింది, ఎంతైనా రాసుకొమ్మన్నట్టు. నేను అక్షరాలు వెతుక్కుంటుండగానే మా ఆయన గొంతు సవరించుకున్నాడు. తెరవైపు కాస్త జరిగి కూర్చుని, “మొండిదండీ” అని మొదలుపెట్టాడు.